మా అమ్మ నా బ్యాచే

నన్ను కాలేజీలో చేర్పించడానికి మా అమ్మ వచ్చింది. సాయంత్రం ఇంటికి తిరిగొచ్చేసరికి ఇద్దరం చేరిపోయి ఉన్నాం.

జరిగిందేమిటంటే, నేను మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమాకి దరఖాస్తు పెట్టుకున్నాను. రక్తం, మూత్రం, కఫం పరీక్షలు చేసే చదువు. రెండేళ్ళు. కాలేజీవాళ్ళు ఇచ్చిన పుస్తకాన్ని నేను ఒకసారి తిరగేసి పక్కన పడేస్తే, అమ్మ దాన్ని కుట్టుమిషన్ మీద పెట్టుకుని మూడుసార్లు చదివింది. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఆమె మా ముందుగదిలో బట్టలు కుడుతోంది. స్కూలు యూనిఫాంలు, గౌన్లు, చొక్కాలు. వీధికి రెండేసి రెడీమేడ్ దుకాణాలు వెలిశాక కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. జిప్పులు మార్చడం, పొడుగు తగ్గించడం మిగిలాయి. "జిప్పుల డాక్టర్నైపోయానే" అని నవ్వేది. మధ్యాహ్నం పూట పనిలేక, ఉన్న దారపు ఉండల్నే రంగుల వారీగా మళ్ళీ మళ్ళీ సర్దుకుంటూ ఉండేది.

కాలేజీ కౌంటర్ దగ్గర గుమాస్తా తలెత్తకుండా, "చేరేదెవరు?" అన్నాడు.

"ఇదండీ" అంటూ అమ్మ నన్ను ముందుకి తోసింది. నా కాగితాలన్నీ చూసి ముద్ర వేస్తుంటే మెల్లగా అడిగింది. "ఏమండీ, దీనికి వయసెంత ఉండాలి?"

"పదిహేడు నిండాలమ్మా. మీ అమ్మాయికి నిండిందిగా."

"దానికి నిండింది. నాకు ముప్పై తొమ్మిది నిండింది. పరవాలేదా?"

గుమాస్తా అప్పుడు తలెత్తాడు. అమ్మని చూశాడు, నన్ను చూశాడు, సొరుగులోంచి నిబంధనల పుస్తకం తీసి వేలితో గీస్తూ చదివాడు. "పదిహేడు నిండి ఉండాలని ఉందమ్మా. ఎన్ని నిండకూడదో ఎక్కడా రాయలేదు."

"రాయనప్పుడు నాకూ ఒక ఫారం ఇవ్వండి."

నేను గోడలోకి దూరిపోదామని చూశాను. గోడ ఒప్పుకోలేదు. అమ్మ సంచిలోంచి తన పన్నెండో తరగతి సర్టిఫికెట్ తీసింది. సైన్సు గ్రూపు, మొదటి శ్రేణి. నా కాగితాల కిందే పెట్టుకుని తెచ్చింది. అంటే ఇది అప్పటికప్పుడు పుట్టిన బుద్ధి కాదన్నమాట.

మా నాన్న స్కూలు బస్సు డ్రైవరు. విషయం విని చాలాసేపు మీసం దువ్వుకుని, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "ఇద్దరికీ కలిపి ఒక క్యారియర్ సరిపోతుందా, రెండు కొనాలా?"

నా రోల్ నంబరు పద్నాలుగు, అమ్మది పదిహేను. మొదటిరోజే బస్సులో నాకు ఒప్పందం చదివి వినిపించింది. "కాలేజీలో అమ్మా గిమ్మా లేదు. నువ్వు అమ్మా అన్నావంటే పదిమందీ నన్ను నీ కాపలాకి వచ్చాననుకుంటారు. నేను చదువుకోడానికి వస్తున్నా."

"మరేమని పిలవాలి?"

"నంబరు పెట్టి పిలువు."

అలా మా అమ్మ నాకు 'పదిహేను' అయింది. తక్కిన పిల్లలకి మొదట ఆంటీ, ఆర్నెల్లు తిరిగేసరికి పిన్ని. పరీక్షల ముందు పిన్ని నోట్సు కోసం క్యూ కట్టేవాళ్ళు. నా నోట్సు నేను కూడా చదవలేకపోయేదాన్ని.

ఏడాదిన్నర పుస్తకాల చదువయ్యాక మా బ్యాచ్‌లో ఎనిమిదిమందిని పెద్దాసుపత్రి ల్యాబుకి శిక్షణకి పంపారు. ఆరు నెలలు నిజం పేషెంట్లు, నిజం రక్తం. ల్యాబ్ కింది అంతస్తులో ఉండేది. ముందు రక్తం తీసే కిటికీ గది, దాని వెనక మెషిన్ల గది, చివర మైక్రోస్కోపుల గది. మూడింట్లోనూ స్పిరిట్ వాసన. గోడకి ఆనుకుని, రక్తాన్ని గిరగిరా తిప్పి ఎరుపుని అడుక్కి దించి తేటని పైకి తేల్చే యంత్రం రోజంతా మూలుగుతూ ఉండేది.

మాకు పని నేర్పే సీనియర్ టెక్నీషియన్‌కి అసలు పేరేదో ఉండే ఉంటుంది. ఆసుపత్రి మొత్తం ఆయన్ని 'పేరేంటి సారు' అనేది. ఎవరి చెయ్యి పట్టుకున్నా ఆయన మొదటి మాట "పేరేంటి?"

"మీరు ఫలానా ఆయనేనా అని ఎప్పుడూ అడక్కండి" అని మొదటిరోజే చెప్పాడు. "సూది చూసి భయపడ్డవాడు దేనికైనా ఆ అంటాడు. ఒకసారి నేను హడావుడిలో వార్డు మారిపోయి, ఓ పెద్దాయన్ని 'కాన్పుకొచ్చిన కేసు మీరేనా?' అని అడిగా. ఆ అన్నాడు. గడ్డం ఉంది ఆయనకి. అందుకని, పేరు మీరు చెప్పకండి. వాళ్ళచేత చెప్పించండి. విని, చీటీ మీద చూసి, అప్పుడు సూది."

ఓ రోజు ఆయన భార్యే షుగర్ పరీక్షకి కిటికీ దగ్గరికి వచ్చింది. సారు తలెత్తి, "పేరేంటి?" అన్నాడు. ఆవిడ కళ్ళెర్రజేసింది. "ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసి ఇప్పుడడుగుతున్నారా?"

"చెప్తేనే సూది."

"రాసుకోండి, నా ఖర్మ అని."

"చీటీ మీద అలా లేదు" అన్నాడు సారు, చాలా మామూలుగా. క్యూలో వెనకున్నవాళ్ళు విసుక్కుంటున్నా, ఆవిడ పళ్ళు నూరుతూ పూర్తి పేరు చెప్పేదాకా ఆయన సూది మూత తియ్యలేదు.

మొదటి రెండు వారాలు మాకు ఇచ్చింది ఒక రబ్బరు చెయ్యి. లోపల గొట్టాల్లో ఎర్రరంగు నీళ్ళు. మాకు ముందు ఎన్నో బ్యాచ్‌లు పొడిచినందువల్ల మోచెయ్యి దగ్గర అది జల్లెడలా కారేది. ఎంత పొడిచినా కదలదు, పొమ్మన్నా పోదు గనక దానికి 'చుట్టంగారు' అని పేరు పెట్టాం. సూదులు ఇంటికి తీసుకెళ్తే తోలు తీస్తానని సారు హెచ్చరించాడు కాబట్టి, ఇంట్లో నరం వెతకడం వరకే సాధన. దానికి మా నాన్న దొరికాడు. భోజనం కాగానే టీవీ ముందు కూర్చోబెట్టి ఒక చేతికి అమ్మ, ఇంకో చేతికి నేను రబ్బరు పట్టీ కట్టేవాళ్ళం.

"ఛానెల్ మార్చుకోడానికైనా ఒక చెయ్యి వదలండే" అని ఆయన మొత్తుకునేవాడు.

"పిడికిలి బిగించండి, మాట్లాడకండి" అనేది అమ్మ. నా వైపు తిరిగి, "కళ్ళతో వెతక్కే. నరం కంటికి కనబడేది కాదు, వేలికి తెలిసేది. కళ్ళు మూసుకుని నొక్కి చూడు" అనేది. తను నిజంగానే కళ్ళు మూసుకునేది. ఇరవై ఏళ్ళు గుడ్డ పోగుల్ని తడిమిన వేళ్ళు మరి.

మూడో వారం నిజం పేషెంట్లు. నా మొదటి పేషెంటు ఒక బస్సు కండక్టరు. రెండుసార్లు గుచ్చాను, రెండుసార్లూ సిరంజిలో గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన మంచివాడు గనక తిట్టలేదు. "దిగాల్సిన స్టాపు దాటిపోయావమ్మా" అన్నాడంతే. అమ్మ మొదటి పేషెంటు ఏడుపు మొహంతో ఉన్న స్కూలు పంతులమ్మ. సూది లోపలికెళ్ళి, రక్తం వచ్చి, దూది పెట్టి మడిచాక కూడా ఆవిడ కళ్ళు మూసుకునే, "ఇంకా గుచ్చలేదా?" అంది.

పేరేంటి సారు అందరి ముందూ, "చెయ్యంటే అదీ" అన్నాడు.

అక్కణ్ణించి మొదలైంది. నరం దొరకని కేసైతే వార్డుల నుంచి నర్సులు ఫోన్ చేసి, "పిన్నిని పంపించండి" అనేవాళ్ళు. అమ్మ తెల్లకోటు జేబులో చేతులు పెట్టుకుని నడవడం మొదలుపెట్టింది. నాకు కుళ్ళు పుట్టింది. పక్కింటి అమ్మాయిని చూసి కుళ్ళుకుంటే అమ్మతో చెప్పుకోవచ్చు. అమ్మని చూసి కుళ్ళుకుంటే ఎవరితో చెప్పుకోవాలి?

మూడో నెలలో ఓ మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నర. ఆ వారం నాది మెషిన్ల గది. అక్కడ పనిచేసే టెక్నీషియన్‌ని అందరం మెషిన్ అన్న అనేవాళ్ళం. పొద్దున రాగానే యంత్రాన్ని వీపు తట్టి పలకరించేవాడు. అతను ఒక రిపోర్టు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మగ సర్జరీ వార్డు, ఏడో బెడ్. పొటాషియం పదకొండు పాయింటు ఆరు!"

పొటాషియం మామూలుగా మూడున్నరకీ ఐదుకీ మధ్య ఉండాలి. ఏడు దాటితేనే గుండె తాళం తప్పుతుందని చదువుకున్నాం. పదకొండున్నర అంటే మనిషి ఉండడు. మెషిన్ అన్న అదే శాంపిల్ని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే అంకె. ఇలాంటివి వెంటనే వార్డుకి చెప్పాలన్నది రూలు. సారు పై అంతస్తులో మీటింగులో ఉన్నాడు. అన్న ఫోనెత్తి చెప్పేశాడు.

నేను తెరమీద మిగతా అంకెలు చూస్తున్నాను. కాల్షియం తొమ్మిదో పదో ఉండాల్సింది మూడుంది. ఒకటి అంత ఎక్కువ, ఒకటి ఇంత తక్కువ. ఎక్కడో చదివిన వాసన. చదివింది నా నోట్సులో కాదు, అమ్మ నోట్సులో. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఒక మందు ఉంటుంది. అది పొటాషియం ఉప్పు. దాని పనే కాల్షియాన్ని పట్టేసుకోవడం. ఆ ట్యూబులో రక్తంతో కణాలు లెక్కపెడతారు. పొటాషియం, కాల్షియం చూసేది పసుపు మూత ట్యూబులో. ఊదాలోది పసుపులో పడిందంటే...

శాంపిల్ తీసిందెవరని చీటీ చూశాను. చివర చక్కటి గుండ్రటి అక్షరాల్లో పదిహేను అని ఉంది.

కిటికీ గదిలోకి వెళ్ళేసరికి అమ్మ ట్యూబుల మీద చీటీలు అంటిస్తోంది. "ఏడో బెడ్ రక్తం ఎలా తీశావ్?" అన్నాను గుసగుసగా.

"ఆయనా? పాపం, నరాలన్నీ సన్నగా ఉన్నాయి. రెండు మిల్లీలే వచ్చింది. ఊదాలో పోసి పసుపు దగ్గరికొచ్చేసరికి అడుగంటింది. అందుకని..." అని ఆగింది. చేతిలో చీటీ అలాగే ఉంది. "దాన్లోంచి దీన్లోకి కొంచెం సర్దానే."

కుట్టుపని మనిషి కదా. ఒక ముక్క తగ్గితే ఇంకో ముక్కలోంచి తీసి అతకడం ఆమెకి చేతులే చేసే పని. మూత తీసి రెండు చుక్కలు ఒంపేటప్పుడు బుర్ర అక్కడ లేదు.

నేను చెయ్యి పట్టుకున్నాను. "విను. ఎవరికీ తెలీదు. నేను పైకెళ్ళి కొత్త శాంపిల్ తెస్తా. మెషినే తప్పు చూపించిందనుకుంటారు. నువ్వు నోరెత్తకు, చాలు."

అమ్మ నా వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "వార్డుకి చెప్పేశారా?"

"చెప్పేశారు."

అంతే, నా చెయ్యి విదిలించుకుని పరుగు. లిఫ్ట్ దగ్గర ఆగలేదు. మెట్ల మీద చెప్పులు టపటపలాడుతుంటే మూడంతస్తులూ ఎక్కేసింది. నేను వెనక రొప్పుతూ ఎక్కాను. ఆసుపత్రిలో పరుగెత్తే తెల్లకోటుని చూస్తే జనం దారిస్తారని ఆ రోజే తెలిసింది.

వార్డులో ఏడో బెడ్ చుట్టూ జాతర. ఒక నర్సు తెర లాగుతోంది, ఇంకో నర్సు పొటాషియం దించే మందుని సిరంజిలోకి ఎక్కిస్తోంది, యువ డాక్టరమ్మ ఈసీజీ తీస్తోంది. మధ్యలో బెడ్ మీద పెద్దాయన, రిటైరైన పోస్టుమాన్, మర్నాటి హెర్నియా ఆపరేషనుకి వచ్చినవాడు, చేతిలో సగం ఒలిచిన నారింజతో నోరు వెళ్ళబెట్టుకుని కూర్చున్నాడు.

"ఆగండి డాక్టరమ్మా!" అని అరిచింది అమ్మ. "ఆ పొటాషియం ఆయనది కాదు, ట్యూబుది! నేనే పోశాను!"

వార్డంతా తిరిగి చూసింది. డాక్టరమ్మ చెయ్యెత్తి సిరంజి పట్టుకున్న నర్సుని ఆపింది. "పోశారా? ఏం పోశారు?"

"ఊదా మూతదాన్లోంచి పసుపు మూతదాన్లోకి. రక్తం సరిపోక. రిపోర్టు తప్పు. మళ్ళీ తీయాలి."

డాక్టరమ్మ ఈసీజీ కాగితం పైకెత్తి చూసింది. గీతలన్నీ బుద్ధిగా నడుస్తున్నాయి. పొడుగ్గా ఊపిరి వదిలి మంచం అంచున కూర్చుండిపోయింది. "నేనూ అదే అనుకుంటున్నా. ఈ అంకెకి ఈయన నారింజ ఎలా ఒలుస్తున్నాడా అని."

"అంటే నేను బాగానే ఉన్నానా?" అన్నాడు పెద్దాయన.

"మీరు బాగానే ఉన్నారు బాబాయ్ గారూ. నేనే బాగాలేను" అంది అమ్మ. అప్పుడు వచ్చాయి ఆమెకి కళ్ళనీళ్ళు.

ఆయన ఇంకొంచెం నారింజ తొక్క ఒలిచాడు. "వేరే ఇంటి ఉత్తరం నా ఇంట్లో వేశారన్నమాట."

"అవునండీ."

"నలభై ఏళ్ళలో నేనూ రెండుసార్లు వేశానమ్మా. ఒకసారైతే ఉద్యోగం ఆర్డరు. తెలియగానే ఎదురుగాల్లో సైకిలేసుకుని పరుగు. నువ్వు నయం, మెట్లే ఎక్కావు." నారింజలో ఒక తొన తీసి అమ్మ చేతిలో పెట్టాడు.

ఆ తొనతోనే ఆమె నిలబడి ఉండగా పేరేంటి సారు వచ్చాడు. మెషిన్ అన్న కబురు పెట్టినట్టున్నాడు. విన్నంతసేపూ సారు మొహంలో ఏమీ కదల్లేదు. చివరికి పెద్దాయన వైపు తిరిగి, "అయ్యా, మళ్ళీ తీయాలి. ఎవరు తీయమంటారు?" అన్నాడు.

"పొద్దున ఒకటి, ఇప్పుడొకటి. నా చెయ్యేమన్నా కుళాయా?" అని విసుక్కుని, "ఈవిడే తీయనీండి. దారి తెలిసిన మనిషి" అని చెయ్యి చాపాడు.

అమ్మ తొన నా చేతిలో పెట్టి, చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, పట్టీ కట్టింది. మొదటి మాట, "మీ పేరేంటండీ?"

"పొద్దున చెప్పానుగా!"

"మళ్ళీ చెప్పాలి."

ఆయన పైకప్పు వంక చూసి, తన పేరూ తండ్రి పేరూ ఇంటి పేరూ చిరునామా పిన్‌కోడుతో సహా చెప్పాడు. సారు పెదవి ఒక పక్కకి కొంచెం వంగింది. ఈసారి పసుపు మూతది ముందు, ఊదాది తర్వాత. అరగంటలో జవాబు వచ్చింది. పొటాషియం నాలుగు పాయింటు మూడు.

ల్యాబుకి తిరిగొచ్చాక సారు తప్పుల రిజిస్టరు తీసి అమ్మ ముందు పెట్టాడు. "రాయండి. ఏం చేశారో, ఎందుకు చేశారో, మీ చేత్తోనే." అమ్మ సగం పేజీ రాసింది. సారు చదివి ఒక్క మాట కొట్టేశాడు.

"పొరపాటున పోశానని రాశారు. పొరపాటున కాదమ్మా. తెలిసే పోశారు. పోస్తే ఏమవుతుందో ఆ క్షణంలో ఆలోచించకుండా పోశారు. రెండూ వేరు. సరిగ్గా రాయండి." ఆమె తిరగరాసి సంతకం పెట్టింది. "పదిహేను రోజులు మీరు సూది ముట్టుకోవద్దు. స్లైడులు కడగండి. ఏ ట్యూబు ముందో ఏది వెనకో తక్కిన ఏడుగురికీ మీరే నేర్పండి."

తర్వాత నా వైపు తిరిగాడు. "కాల్షియం చూసి కనిపెట్టింది నువ్వేనా?"

గర్వంగా తలూపాను.

"మంచిది. కనిపెట్టినదానివి ముందు ఎత్తాల్సింది ఫోను. కాళ్ళు కాదు. మీరిద్దరూ మెట్లెక్కేలోపు ఆ సిరంజి ఖాళీ అయిపోయుంటే?"

నా గర్వం అక్కడే, ఆ బల్ల మీదే చచ్చింది. ఫోను పక్కనే ఉంది. నేను ఫోను వైపు కాక అమ్మ వైపు ఎందుకు వెళ్ళానో సారుకి తెలీదు. నాకు తెలుసు. ఆమెకీ తెలుసు.

ఆ సాయంత్రం అమ్మ తెల్లకోటు మడతపెట్టి బీరువా అడుగున, పాత దుప్పట్ల కింద పెట్టేసింది. "నాకెందుకొచ్చిన చదువండీ ఇది. రేపటి నుంచి అది ఒక్కతే వెళ్తుంది" అంది నాన్నతో.

నాన్న బూట్లు తుడుచుకుంటూ మొదలుపెట్టాడు. "ఉద్యోగంలో చేరిన మొదటి నెల్లో బస్సు వెనక్కి తీస్తూ స్కూలు గేటుని గుద్దాను. నీకు చెప్పలేదు. స్తంభం ఇంత వంగింది."

"అయ్యో! తర్వాత?"

"తర్వాతేముంది, మర్నాడు అదే గేటులోంచి అదే బస్సు తీయాలి."

"తీశారా?"

"తీశాను. గేటే కొంచెం భయపడింది."

అమ్మకి నవ్వాగలేదు. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే, ఇంతకాలం ఆ గేటు సంగతి దాచినందుకు ఆయన్ని నాలుగు దులిపింది.

పొద్దున బస్టాపులో, కోటు చంకలో పెట్టుకుని నా పక్కన నిలబడింది. ఇస్త్రీ చెడిపోయింది. దాన్ని అరచేత్తో సాపు చేస్తూ అంది. "నన్ను కాపాడదామనుకున్నావ్ నిన్న."

"మరి? నువ్వు మా అమ్మవి కదా."

"అదే నాకు బాగా అనిపించింది. అదే నాకు నచ్చలేదు కూడా." రోడ్డు వంక చూస్తూనే మాట్లాడుతోంది. "పద్నాలుగూ, ఆ మంచం మీద మీ నాన్న ఉన్నాడనుకో. ఆ పసుపు ట్యూబులో ఎవరో ఏదో పోశారు. వాళ్ళ కూతురు కప్పిపుచ్చింది. ఆ కూతుర్ని ఏం చేస్తావ్?"

బస్సొచ్చింది. ఎక్కాక కిటికీ పక్క సీటు నాకే ఇచ్చింది. ఎప్పుడూ దానికోసం పోట్లాడుకునేవాళ్ళం.

పదిహేను రోజులూ అమ్మ స్లైడులు కడిగింది, పాఠం చెప్పింది. పాఠం చెప్పే తీరు చూడటానికి మెషిన్ అన్న కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. "పసుపుది నెమ్మదస్తురాలు, ముందు దాన్ని పలకరించాలి. ఊదాది వాగుడుకాయ. తన దగ్గరున్నది పక్కవాళ్ళకి అంటించకుండా ఉండలేదు. అందుకే పసుపు అయ్యాకే దాని దగ్గరికెళ్ళాలి, దాని దగ్గర్నుంచి చుక్క కూడా పుచ్చుకోకూడదు. రక్తం చాలకపోతే? చాలలేదని చెప్పి మళ్ళీ తీయాలి. సిగ్గుపడకూడదు. సిగ్గుపడి ఏం చేశానో రిజిస్టరులో ఉంది, వెళ్ళి చదువుకోండి." అందరూ వెళ్ళి చదివారు. తన తప్పుని తనే పాఠంగా చెప్తుంటే, వెనక బెంచీలో నాకు ముందున్న కుళ్ళంతా ఎటుపోయిందో తెలీలేదు. దాని చోట్లో వేరే ఏదో వచ్చి కూర్చుంది. అది గర్వమని ఒప్పుకోడానికి ఇంకో నెల పట్టింది.

పదహారో రోజు సారు ఒక సిరంజి తెచ్చి ఆమె ముందు పెట్టి వెళ్ళిపోయాడు. అంతకుముందే పెద్దాయన ఆపరేషనయ్యాక ఇంటికెళ్తూ కిటికీ దగ్గర ఆగి, "పొటాషియమ్మ గారున్నారా?" అని అడిగాడట. ఆ పేరు ఆసుపత్రిలో కొన్నాళ్ళు చెల్లింది. అమ్మ ఉడుక్కునేది గానీ, పిలిస్తే పలికేది.

చివరి ప్రాక్టికల్ పరీక్షలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు నన్ను నాలుగు ప్రశ్నలడిగి వదిలేశాడు. అమ్మని మాత్రం, "మీరు చేసిన అతి పెద్ద తప్పేమిటి?" అని అడిగాడు. మామూలుగా ఆ ప్రశ్నకి అందరూ నీళ్ళు నములుతారు. అమ్మ తేదీతో సహా మొదలుపెట్టి పావుగంట చెప్పింది. మార్కుల్లో నేను ఆమె కంటే రెండు ఎక్కువ. ఇప్పటికీ ఆ రెండూ ఆయన కూడికలో పొరపాటనే ఆమె వాదన.

నేనిప్పుడు ఒక ప్రైవేటు ల్యాబులో చేస్తున్నాను. అమ్మ ఊరికి అటు చివర చిన్న ఆరోగ్య కేంద్రంలో ఒకే ఒక్క టెక్నీషియన్. రక్తం తీసేదీ తనే, స్లైడు చూసేదీ తనే, రిపోర్టు రాసేదీ తనే. పోయిన నెల ఓ మధ్యాహ్నం, పని మధ్యలో ఫోన్ చేసింది. ఎప్పుడూ చెయ్యదు. భయపడుతూ ఎత్తాను.

"దొరికిందే!" అని కేక.

"ఏం దొరికింది?"

"మలేరియా పురుగు! ఉంగరంలా, పక్కన చిన్న చుక్కతో, బొమ్మలో ఉన్నట్టే ఉంది! పదకొండు రోజుల్నించి జ్వరమటే ఆ అబ్బాయికి, తాపీ పని చేస్తాడు. రెండుచోట్ల చూపిస్తే ఏమీ లేదన్నారట. నేను మూడు స్లైడులు చూశా. మూడోదాంట్లో, ఓ మూల నక్కి కూర్చుంది." మాట ఆగిపోయింది. గొంతు తగ్గించింది. "పాపం అతనేమో దుప్పటి కప్పుకుని వణికిపోతున్నాడు. నేనేమో ఇక్కడ గంతులేస్తున్నా. తప్పంటావా?"

"మందు మొదలుపెట్టారా?"

"ఆ, మొదటి డోసు వేసేశారు."

"అయితే కాసేపు గంతులేసుకో."

"కాసేపెక్కడ, ఇంకో నాలుగు స్లైడులున్నాయి" అని ఫోను పెట్టేసింది.